మోకాలి కింద చీర అంచు

నాటు వేసేటప్పుడు మునుం మధ్యలోంచి లేవకూడదు. మడికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఆడవాళ్ళం వరుసగా వంగి, ఒక్కో అడుగు వెనక్కి వేసుకుంటూ నాటుతాం. ఆ వరుసనే మునుం అంటాం. ఒక్కరు లేచినా పళ్ళవరుసలో పన్ను ఊడినట్టు ఉంటుంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు జరిగి ఆ సందు పూడ్చాలి. మా ముఠాలో ఈ కట్టుబాటును అందరికంటే గట్టిగా పట్టుకున్నది నేనే. దాహమని లేచినవాళ్ళనూ, ఫోను మోగిందని ఒడ్డెక్కినవాళ్ళనూ పొద్దుగూకే దాకా ఆటపట్టించేదాన్ని. అందుకే సీసా పెంకు నా కాలిలో దిగినప్పుడు నేను లేవలేకపోయాను.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు, ఒక వానాకాలం. మా అత్తగారి ఊరు కేతేపల్లి దగ్గర. ఒడ్డు మీద కూర్చుని తాగిన మహానుభావుడెవరో ఖాళీ సీసాను మడిలో పగలగొట్టి పోయాడు. వెనక్కి అడుగు వేసేసరికి బురదలో నిలబడి ఉన్న పెంకు చీలమండకు నాలుగు వేళ్ళ పైన కోసుకుపోయింది. చేయి పెట్టి పీకి ఒడ్డు మీద పడేశాను. నీళ్ళు ఎర్రబడుతున్నాయి. నా పక్కన నాటుతున్న తోడికోడలు చూసి కేక పెట్టింది.

"అక్కా, నెత్తురు! లేవ్, ఒడ్డెక్కు!"

"లేస్తే రేపటి సంది మీరంత నన్ను బతకనిస్తరానే? తాగినోడు మంచిగనే ఇంటికి పోయిండు, తూలుడు నా వంతుకొచ్చింది. నాటు, నాటు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ కాలితోనే బురదలో నిలబడ్డాను. పని దిగాక కాలువలో కడుక్కుని, ఇంటికి పోయి పసుపు, సున్నం నూరి పెట్టుకున్నాను.

నాలుగో రోజుకు కాలు ఎర్రగా, నున్నగా, మెరుస్తూ ఉబ్బింది. ముట్టుకుంటే పొయ్యి మీది కుండలా వేడి. ఒళ్ళంతా జ్వరం. గజ్జల్లో రేగిపండంత బిళ్ళ కట్టి, అడుగు వేస్తే అక్కడ సూది గుచ్చినట్టయ్యేది. అత్త వచ్చి కాలు చూసింది, బిళ్ళ తడిమి చూసింది, ముఖం నల్లబడింది.

"విషం మీదికెక్కుతాంది బిడ్డా. గజ్జల దాక వచ్చింది. ఇగ అడ్డం గట్టాలె."

తేలు కుట్టినా పాము కరిచినా మా ఇళ్ళలో చేసే పనే ఆమె చేసింది. పెట్టె తీసి, తను పండుగలకు మాత్రమే కట్టే చీర ఒకటి బయటికి లాగి, దాని అంచును బారెడు పొడవున చించింది. పాత గుడ్డకు గట్టితనం ఉండదట. దానితో మోకాలి కింద, పిక్క పైన, మూడు చుట్లు చుట్టి, పళ్ళతో లాగి ముడి వేసింది. తొమ్మిది రోజులు విప్పకూడదు. పప్పు తినకూడదు, చీము పడుతుంది. గుడ్డు తినకూడదు, పుండు ఉబ్బుతుంది. వంకాయ పేరు కూడా ఎత్తకూడదు. ఇక మిగిలింది కారం మెతుకులు.

"అత్తా, పుండుకు పత్యమా, నాకా?" అన్నాను.

"నోరుకు గూడ ఒక పత్యముంటే మంచిగుండు," అంది అత్త.

ఇంతదాకా నవ్వుతూ చెప్పాను కానీ, ఆ రోజు మంచం మీద కాలు చాపుకుని చూసుకున్నప్పుడు నాకు నవ్వు రాలేదు. మా అమ్మది బోదకాలు. మా పుట్టిల్లు మర్రిగూడ వైపు మెట్ట ఊరు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ కుడికాలు రోలంత ఉండేది. ఆ కాలితోనే పత్తి ఏరేది, కందులు కొట్టేది. పెళ్ళిలో ఫోటో తీస్తామంటే మాత్రం పిల్లలను ముందు నిలబెట్టి వాళ్ళ వెనక దాక్కునేది. ఏడాదికి రెండు మూడుసార్లు ఆ కాలికి ఎర్రటి వాపు, చలిజ్వరం వచ్చి మంచం పట్టేది. అప్పుడు వండేది నేనే, ఆ కాలు కడిగేది నేనే. మడతల్లో తడి లేకుండా పాత ధోవతి గుడ్డతో తుడిచేదాన్ని. నా బడి ఏడో తరగతిలోనే ఆగిపోయింది అందుకే. దానికి నేనేమీ ఏడవలేదు, నాకు లెక్కలు రావని నాకు తెలియకముందే మా లెక్కల సారుకు తెలిసిపోయింది. కానీ ఆ కాలి బరువు మాత్రం నా చేతులకు ఇప్పటికీ తెలుసు. ఇప్పుడు నా కాలు చూసుకుంటే అదే మెరుపు, అదే ఎరుపు. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ లేవడం లేదు. ఇక నేను బురదలో దిగేదీ, మునుం పట్టేదీ లేదనుకున్నాను. ఫోటోలలో పిల్లల వెనక నిలబడే వంతు నాకొచ్చిందనుకున్నాను.

మా ఆయన కరిగెట, అంటే నాటుకు ముందు మడిని బురదగా, దున్నే ట్రాక్టరు డ్రైవరు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పొద్దు ట్రాక్టరు పక్కన పెట్టి వచ్చి, "దవాఖానకు పోదాం," అన్నాడు. అత్త ఏదో అనబోతే, "పోదాం," అని ఇంకోసారి అన్నాడు. రెండుసార్లు చెప్పాడంటే ఇక అది జరిగి తీరాల్సిందే. మోపెడ్ వెనక అడ్డంగా కూర్చున్నాను. సర్కారు దవాఖాన దాకా గుంతలన్నీ దాటుకుంటూ, వాచిన కాలికి దెబ్బ తగలకుండా, ఎడ్లబండి కంటే మెల్లగా తీసుకుపోయాడు. వెనక వచ్చిన సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటి పోయాయి.

డాక్టరు పుండు చూసి, గోళీలు, సూదిమందు రాశాడు. రక్తం తీసుకుని చూస్తే చక్కెర లేదన్నారు, బోదకాలు పురుగు కూడా లేదన్నారు. పురుగు లేదనగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకొమ్మన్నారు.

కట్లు కట్టే గదిలో ఒక సిస్టర్ ఉండేది. నాకంటే చిన్నది, మక్తల్ వైపు మనిషి. ఆమె చేతులు ఎంత నెమ్మదైనవో నోరు అంత చురుకైనది. నాకు అలాంటివాళ్ళంటే ఇష్టం. మొదటి రోజే ఇద్దరికీ కుదిరిపోయింది. నేను చెప్పే మాటలకు ఆ గదిలో వరుసలో కూర్చున్న దెబ్బల మనుషులంతా కట్లు ఊడేలా నవ్వేవారు. కానీ ఒక మాట మాత్రం నేను ఆమెకు చెప్పలేదు. పొలంలో మోకాళ్ళ పైకి చీర చెక్కుకుని పదిమందిలో నాటు వేసేదాన్నే, దవాఖానలో మాత్రం చీర కుచ్చిళ్ళు పిక్క పైకి లేవకుండా గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని. లోపల అత్త కట్టిన అంచు ఉంది కదా. చూస్తే తిడతారు, విప్పమంటారు. తొమ్మిది రోజుల లెక్క తప్పుతుంది.

తొమ్మిది రోజులు అయ్యేసరికి జ్వరం పోయింది. చీము తగ్గింది. గోళీలు వేసుకున్నది నేను, సూది వేసింది సిస్టర్, పేరు మాత్రం చీర అంచుకు వచ్చింది.

"జూసినవా? అడ్డం గట్టంగనే ఆగింది," అంది అత్త. "ఇంకో తొమ్మిది పొద్దులుండనీ. ఇప్పితే మల్ల ఎక్కుతది."

నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే నేనే భయపడ్డాను. తగ్గుతున్నదాన్ని కదిలించి చెడగొట్టుకుంటానేమోనని. స్నానం చేసేటప్పుడు అంచు తడిసి వదులైతే, నేనే మళ్ళీ గట్టిగా బిగించుకునేదాన్ని. ఆ తప్పు అత్తది మాత్రమే కాదు.

జ్వరం పోయినా వాపు పోలేదు. పాదం బన్నులా ఉబ్బింది, వేళ్ళు దగ్గరికి రావడం లేదు. పుండు నుంచి తేటనీరు ఊరుతూ, కట్టు కట్టిన గంటకే తడిసిపోయేది. సిస్టర్ కట్టు విప్పినప్పుడల్లా తల గోక్కునేది.

"చీము లేదు. పుండు సాఫుగుంది. మరి వాపెందుకు దిగుతలేదక్కా? కాలు కిందికి ఏలాడేస్తున్నవా?"

"లేదు సిస్టర్. కాలును కూసోబెట్టి, దానికి నేను సేవ జేస్తున్న."

"ఏం తింటున్నవ్?"

"కారం మెతుకులు. నా నోట్లెకెళ్ళి వచ్చే కారం గందుకే."

గదిలో నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఎల్లుండికి గూడ గిట్లనే ఉంటే నల్లగొండ పెద్ద దవాఖానకు రాసియ్యమని డాక్టరు సారుకు చెప్త. పురుగు లేకపోయినా సరే అక్కా, వాపును గిట్ల నెలలకు నెలలు నిలవెట్టుకుంటే తోలు గట్టిపడి కాలు గట్లనే ఉండిపోతది."

కాలు అలాగే ఉండిపోతుంది. ఆ రోజు మోపెడ్ మీద ఇంటికి వస్తూ నేను ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయన రెండుసార్లు బండి ఆపి వెనక్కి తిరిగి చూశాడు, పడిపోయానేమోనని.

ఎల్లుండి సిస్టర్ చేతిలో దర్జీవాళ్ళ టేపు ఉంది. రెండు కాళ్ళూ కొలుస్తానంది. ముందు చీలమండ దగ్గర, తర్వాత పిక్క దగ్గర. నేను కుచ్చిళ్ళు పట్టుకుని, "సిస్టర్, జాకెట్టు గుడుతవా?" అన్నాను. ఆమె వినిపించుకోకుండా చీరను మోకాలి దాకా ఎత్తింది.

అంచు చుట్టూ మాంసం రెండు వైపులా ఉబికి, గుడ్డ లోపలికి దిగిపోయి ఉంది. పైన మామూలు కాలు, కింద వేరే ఎవరిదో కాలు. నా కాలిని నేను కూడా అలా పై నుంచి కింది దాకా ఒక్కసారిగా చూసుకోవడం అదే మొదలు.

"ఇదేంది?" అంది సిస్టర్.

"అడ్డం."

"దేనికి?"

"విషం మీదికెక్కకుండ."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే నేను నాలుగు మాటలు అని తప్పించుకునేదాన్ని. ఆమె తిట్టలేదు. కత్తెర తెచ్చి, మొన నా చర్మానికి తగలకుండా వేలు అడ్డం పెట్టి, అంచును మెల్లగా కోసింది. గుడ్డ ఊడి వచ్చాక దాని కింద వేలు పట్టేంత లోతు గాడి ఎర్రగా కనిపించింది. ఆ గాడిని ఆమె రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అక్కా, మా దిక్కంత మెట్ట. జొన్నలు, కందులు. వరి సంగతి నాకు తెల్వది, నువ్వే చెప్పు. నాటేసిన మడిల నీళ్ళెక్కువైతే ఏం జేస్తవ్?"

"గండి వెట్టి కిందికి ఇడుస్త."

"గండి మూసుకపోతే?"

"నారు మురుగుతది."

"నీళ్ళొచ్చే కాలువ మాత్రం ఆగకుండ వస్తనే ఉంటే?"

నా చూపు కాలి మీది గాడి వైపు పోయింది. అర్థమైపోయింది.

అప్పుడు ఆమె నాకు చెప్పిన సంగతులు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. నెత్తురు వచ్చే నరాలు అందరికీ తెలిసినవే. వాటి పక్కనే, చర్మం కింద, వెంట్రుకలంత సన్నని దారులు వేరే ఉంటాయట. నెత్తురులోంచి ఊరిన తేటనీటిని తిరిగి పైకి మోసుకుపోవడం వాటి పని. వాటిని లింఫు నాళాలు అంటారని చెప్పింది. దెబ్బ తగిలితే అక్కడికి నీరూ, పుండును బాగు చేసే కణాలూ గుంపులు గుంపులుగా వచ్చి పడతాయి. ఎరుపూ, వేడీ, వాపూ ఆ హడావుడే. వచ్చి పని చేసినవి మళ్ళీ తిరిగిపోవాలి. తిరిగిపోయేది ఆ సన్న దారుల వెంటే, గజ్జల్లోని బిళ్ళల గుండానే.

"గజ్జల బిళ్ళ విషం గాదక్కా. అది కావలికాడు. వచ్చిన మురికిని ఆడ్నే ఆపి, సాఫు జేసి పంపుతాంది. గందుకే ఉబ్బింది."

"మా అత్త పదిహేను రోజుల సంది కావలోన్నే తిడుతాంది సిస్టర్."

అప్పుడు నవ్వింది. నవ్వి, మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. సీసా పెంకు కోసినప్పుడు ఆ దారులు కూడా కొన్ని తెగిపోయాయట. అయినా పుండు చుట్టూ కొత్తవి మొలుస్తాయట, గడ్డివేళ్ళలాగా, ఉన్న దారుల్లోంచే పిలకలు వేసి. ఇంకా వింత ఏమిటంటే, పుండు దగ్గరికి పనికి వచ్చిన కణాలే ఆ కొత్త దారులు మొలవడానికి కావలసిన మందును ఊరిస్తాయట. మా ముఠా సంగతి గుర్తొచ్చింది నాకు. కొత్త ఊరికి నాటుకు పోయినప్పుడు తుమ్మకంప అడ్డముంటే, మేమే కొడవళ్ళతో కొట్టుకుని, మనిషి నడిచే బాట చేసుకుని పోతాం, వస్తాం. పని అయిపోయినా ఇంటికి పోనివ్వకుండా ఒడ్డు మీద ముళ్ళకంప వేస్తే ఏమవుతుంది? మడిలోనే తిరుగుతూ, వేసిన నాటును మేమే తొక్కేస్తాం. నా కాలిలో పదిహేను రోజులుగా జరుగుతున్నది అదే.

"మొలుస్తయా సిస్టర్, నిజంగ?" అని అడిగాను. ఆ మాటలో హాస్యం లేదు.

"ఇప్పటిదాక తొవ్వ లేకుంటనే పుండు గింత మానింది. నీ ఒళ్ళు మొండిది అక్కా. తొవ్వ ఇడువు, అది జేసుకుంటది. జర టైము వడ్తది, అంతే."

డాక్టరు వచ్చి పాదం మీద నాడి చూశాడు. మంచిగా కొట్టుకుంటోందన్నాక, సాగే పట్టీ కట్టమన్నాడు. అత్త కట్టింది పైన ఒక్క చోట, ఊపిరాడకుండా. సిస్టర్ కట్టింది వేళ్ళ మొదళ్ళ నుంచి మోకాలి దాకా, కింద బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. నీటిని పైకి నెట్టాలి కాబట్టి అలా. కూర్చున్నా పడుకున్నా కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. పాదాన్ని గంటకోసారి కిందికీ పైకీ ఆడించాలి. పప్పు తినాలి, గుడ్డు తినాలి. పుండు పూడ్చే కండ వాటిలోంచే వస్తుందట.

కోసిన అంచును నేను పారేయలేదు. ఇంటికి తెచ్చి అత్త ముందు పెట్టి, సిస్టర్ చెప్పిందంతా చెప్పాను. మడి, గండి, కావలికాడు, కొత్త దారులు. అత్త అంచును చేతిలోకి తీసుకుని, ముడి ఉన్నచోట వేలితో రాస్తూ కూర్చుంది. ఆమె ఏడవడం నేను మామయ్య పోయినప్పుడే చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

"నేనే నీ కాలు దీసేద్దును గదనే," అంది.

"ఏం గాలేదత్తా. నువ్వు ప్రేమతోనే గట్టినవ్. కాకుంటే జర గట్టిగ ప్రేమించినవ్."

"నోర్ముయ్!" అంది. ముక్కు తుడుచుకుని లేచి, వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఉడికించిన రెండు గుడ్లు పళ్ళెంలో పెట్టుకొచ్చి, నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ నా చేతికి ఇచ్చింది. ఆ రోజు నుంచి రోజూ రెండు గుడ్లు. పొద్దున పప్పు, సాయంత్రం పప్పు. పరుపు చుట్ట చుట్టి నా కాలి కింద పెట్టి, గుమ్మం దగ్గర తనే కాపలా కూర్చుంది. నేను మంచినీళ్ళకని కాలు దించబోయినా చాలు, "కాలు! కాలు మీదికి!" అని అరిచేది. కోడలికి కాళ్ళు చాపుకుని కూర్చోమని అత్త అరవడం మా వాడకట్టులో వింత. చూడడానికి కూడా వచ్చారు కొందరు.

ఇంతలో నాట్లు ఆగవు కదా. మునుం ముందు పట్టేదాన్ని నేను మంచం మీద ఉంటే, నా తోడికోడలు నా జాగాలో నిలబడింది. ఎవరూ అడగకుండానే ముఠా అంతా కలిసి ఒక పూట మా పొలం నాటు వేసిపోయారు. అందుకు బదులు పని నేను చేయాల్సి ఉంటుంది, ఎప్పుడు చేస్తానో ఎవరికీ తెలియదు. చేస్తానో లేదో కూడా తెలియదు. సాయంత్రం బురదకాళ్ళతోనే వచ్చి మా వాకిట్లో కూర్చునేవారు.

"ఏమమ్మ దొరసానీ, కాళ్ళు వత్తాల్నా?" అనేది తోడికోడలు.

"ఒత్తొద్దన్నరు. ఊపితే సాలట. ఇగో, ఊపుతున్న, జూడు."

"నువ్వు లేకుంటే మునుంల గమ్మతే లేదక్కా. అందరం నోర్మూసుకొని నాటితే పని జల్ది అయితాంది గని, నడుములు నొస్తున్నయి."

అంతకంటే పెద్ద మెప్పు నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.

అంచు కోసిన నాలుగో రోజుకే పాదం మీద ముడతలు కనిపించాయి. ఉబ్బిన చర్మం వదులైతే పడే ముడతలు. ముసలితనం వస్తే ఏడుస్తారు కానీ, నేను ఆ ముడతలను చూసి మురిసిపోయి అందరికీ చూపించాను. వారం దాటాక కట్టు విప్పి సిస్టర్ నన్ను వంగి చూడమంది. పుండు అడుగున ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజలు పరిచినట్టుంది.

"కొత్త కండ. సక్కగ మొలుస్తాంది," అంది.

"మరి కొత్త దారులు?"

"అవి కండ్లకు కనవడయి అక్కా. ఊరే నీళ్ళు తగ్గినయి జూడు. గదే గుర్తు."

నిజమే, కిందటిసారి కట్టిన గుడ్డ దాదాపు పొడిగా ఉంది. కనపడనివాళ్ళు ఎవరో నా కోసం లోపల పని చేసి పెడుతున్నారు. పేరు లేదు, ముఖం లేదు, మెచ్చుకుందామంటే వినిపించేటంత దగ్గర లేరు. దేవుడికి కొట్టినట్టు కొబ్బరికాయ కొడదామన్నా ఎక్కడ కొట్టాలి? మోకాలి మీదనా? ఆ మాట సిస్టర్‌తో అంటే, "రెండు కాళ్ళకు కట్టు గట్టే ఓపిక నాకు లేదు," అంది.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ఒకసారి దారులన్నీ వచ్చేశాయని నేనే తీర్పు ఇచ్చుకుని, పట్టీ విప్పి పొద్దంతా ఇంటి పని చేశాను. సాయంత్రానికి పాదం మళ్ళీ బన్ను. సిస్టర్ టేపు పెట్టి చూసి, ఒక్క మాట అనకుండా చీటీ మీద ఆ రోజు కొలత రాసి, కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు తిట్టుకంటే గట్టిగా తగిలాయి. బతుకమ్మ ఆడే రోజు నేను ఒక కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాలు పెట్టుకుని, చప్పట్లు మాత్రం కొట్టాను. గొంతుకు వాపు లేదు కాబట్టి పాట మొత్తం నేనే ఎత్తుకున్నాను.

పుండు పూర్తిగా మూసుకునేసరికి చలి వచ్చింది. చివరిసారి కొలిచిన రోజు సిస్టర్ రెండు కాళ్ళకూ టేపు పెట్టి, నమ్మకం లేనట్టు మళ్ళీ పెట్టింది. రెండింటికీ నూలుపోగంత తేడా. అంత తేడా మనుషులందరికీ ఉంటుందంది. రెండో పంటకు, యాసంగి నాట్లకు దిగొచ్చా అని అడిగితే, వెంటనే సరేననలేదు. కాలు తిప్పి తిప్పి చూసి, మచ్చ మీద చర్మం లాగి చూసి, వేళ్ళ సందులు చూసి, అప్పుడు చెప్పింది: పని దిగగానే సబ్బుతో కడగాలి, వేళ్ళ మధ్య పొడిగా తుడవాలి, రోజూ చూసుకోవాలి, చిన్న గీత పడినా రావాలి. వేళ్ళ మధ్య పొడిగా తుడవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అమ్మ కాలికి చేసిన పని అది. ఈ చిన్న పనులన్నీ అమ్మకు కూడా ఎవరో ముందే చెప్పి ఉంటే, ఆమె ఫోటోల్లో ముందు వరుసలో ఉండేదేమో. ఆ మాట సిస్టర్‌తో అన్నాను. ఆమె టేపు చుట్ట చుడుతూ, "కడిగినవ్ గదా అక్కా. నువ్వు కడగవట్టే గా కాలుతోని గన్నేండ్లు నడిచింది," అంది. అమ్మ విషయంలో నాకున్న బరువు ఆ ఒక్క మాటతో ఎంత దిగిందో ఆమెకు తెలియదు. తర్వాత ఆమెకు వేరేచోటికి బదిలీ అయింది. ఎక్కడున్నా ఆమె చేతులు చల్లగా ఉండాలి.

యాసంగి మొదటి నాటు మా ముఠాలో ఒకరి మడిలో. వానాకాలంలో నాకు చేసిపెట్టిన పనికి నేను బదులు తీర్చాల్సినవాళ్ళలో వాళ్ళే మొదటివాళ్ళు. నారు కట్టలు విసిరేశారు. ఆడవాళ్ళంతా దిగి వరుసలో వంగారు. నా జాగా ఖాళీగా ఉంచారు. నేను ఒడ్డు మీదే నిలబడిపోయాను. నీళ్ళ కింద ఏముందో కనిపించదు. చీర చెక్కుకున్నాను, దింపుకున్నాను, మళ్ళీ చెక్కుకున్నాను.

"దొరసానికి చెప్పులు తెప్పియ్యాల్నా?" అంది తోడికోడలు.

"అక్కకు మేళతాళాలు గావాలె," అంది ఇంకొకామె.

అంటున్నారు కానీ ఒక్కరూ నాటు మొదలుపెట్టలేదు. నారు చేతిలో పట్టుకుని, వంగిన నడుములు వంగినట్టే, నా కోసం ఆగారు. తోడికోడలు తన చేతిలోని కట్ట పక్కన పెట్టి, నా జాగాలో రెండు చేతులూ బురదలోకి దించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి తడిమి చూసింది. తర్వాత చేతులు పైకెత్తి చూపించింది. బురద తప్ప ఏమీ లేదు.

దెబ్బ తగిలిన కుడికాలే ముందు పెట్టాను. చల్లటి బురద చీలమండ దాటి, మచ్చ దాటి, పిక్క దాకా వచ్చింది. వేళ్ళు విప్పితే విడివిడిగా కదిలాయి, ఒక్కో వేలి మధ్య నుంచి బురద జారింది. వంగి మొదటి పిడికెడు నారు నాటాను. వెనక్కి ఒక అడుగు వేశాను. కాలు నాతోనే వచ్చింది.

పది అడుగులు వెనక్కి పోయాం. ఇరవై అడుగులు పోయాం. మడి అంతా నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తోడికోడలు వంగినచోటు నుంచే తల తిప్పి చూసింది.

"ఏమాయెనే అక్కా? సప్పుడు జేస్తలేవు? కాలు నొస్తాందా?"

"లేదే," అన్నాను. బురదలో వేళ్ళు మళ్ళీ ఒకసారి విప్పి చూసుకున్నాను. "నీళ్ళు సల్లగున్నయి."